లిఫ్టు ఎక్కితే ఓ మాట

ఎవరికీ ఏ కష్టమూ రాకూడదని కోరుకునేవాళ్ళు లోకంలో చాలామంది ఉంటారు. పక్కింటివాడికి మాత్రం ఒకటి వస్తే బాగుండునని కోరుకునేవాళ్ళు ఇంకా ఎక్కువమంది ఉంటారు. కానీ నలభై ఎనిమిది కాపురాల్లో కనీసం అయిదుగురికి ఏదో ఒక కష్టం వచ్చి తీరాలని పొద్దున్నే పళ్ళు తోముకుంటూ కోరుకునేది మాత్రం సర్వే పిల్ల ఒక్కతే. పాపం, దానికి దుర్బుద్ధేమీ లేదు. సోషల్ వర్క్ డిగ్రీ మూడో సంవత్సరంలో ఉంది, అంతే.

ఆ చదువులో ఫీల్డ్ వర్క్ అని ఒకటుంటుంది. పన్నెండు వారాలు, వారానికి మూడు రోజులు, ఏదో ఒక ఆసుపత్రికో బడికో బస్తీకో వెళ్ళి జనం మధ్య పనిచెయ్యాలి. అయిదు కేసులు తేవాలి. కేసంటే ఒక మనిషి, ఆ మనిషికో సమస్య, దానికి కారణం, మనం చేసిన సాయం, కింద ఆ మనిషి సంతకం. అయిదుకి ఒక్కటి తగ్గినా ఏడాది మళ్ళీ మొదటినుంచి చదవాలి. వీళ్ళ మీద అజమాయిషీ చేసే మాస్టారిని పిల్లలందరూ ఎర్ర పెన్ను అంటారు. ఆయన మొదటి రోజే చెప్పేశారు.

"అయిదంటే అయిదు. నాలుగున్నర అని రాసి తేవద్దు. పోయినేడు ఒకడు తెచ్చాడు."

సర్వే పిల్లకి వచ్చింది ఒక ఆరంతస్తుల మేడ. అంతస్తుకి ఎనిమిది ఇళ్ళు. అన్నీ రెక్కలు ముక్కలు చేసుకుని బతికే కుటుంబాలే. కింద సైకిళ్ళు పెట్టుకునే గదిని ఖాళీ చేయించి, ఒక కాలు పొట్టిదైన బల్ల, రెండు కుర్చీలు వేయించింది. తలుపు మీద 'మీ సమస్యలు ఇక్కడ చెప్పుకోవచ్చు' అని తన చేత్తో గుండ్రంగా రాసి అంటించింది. ఇక చూడండి, ఆరు వారాలు ఈగలు తోలుకుంది. వచ్చినవాళ్ళెవరయ్యా అంటే, పెన్ను అడగడానికి ఒకాయన, ఫోన్ చార్జింగ్ పెట్టుకోవడానికి ఒకావిడ, సైకిలు మళ్ళీ ఎప్పుడు పెట్టుకోవచ్చో కనుక్కోవడానికి ముగ్గురు. ఒక పిల్లి కూడా వచ్చింది గానీ దానికి సంతకం రాదు.

"మంచి పనులు చెయ్యడంలో కూడా ఫెయిలవుతారటే?" అని ఇంట్లో అన్న రోజూ ఎత్తిపొడిచేవాడు. అమ్మమ్మ మాత్రం మనవరాలి పక్షమే. కళ్ళు మూసుకుని దేవుడికి చాలా జాగ్రత్తగా దరఖాస్తు పెట్టుకునేది. "తండ్రీ, ప్రాణాల మీదకి రానివి, మా పిల్ల తీర్చగలిగినవి, చిన్నవి, ఓ అయిదు."

ఇంతకీ ఆ మేడలో జనానికి కష్టాలు లేకపోలేదు. నలభై ఎనిమిది కాపురాలున్నచోట లేకుండా ఎలా ఉంటాయి? కానీ అక్కడ రెండేళ్ళుగా లిఫ్టు పనిచెయ్యడం లేదు. దాని తలుపు పిడికి తడి గొడుగులు తగిలించుకుంటున్నారు. పైకీ కిందికీ ఎవరు కదలాలన్నా మెట్లే గతి. ఆరో అంతస్తులో పొద్దున ఒక సమస్య పుట్టిందంటే, అది కింద గదిదాకా దిగేలోపే మెట్ల మీద ఎవరో ఒకరు దాని మెడ పట్టుకుని తీర్చేసేవారు.

అందులో పెద్ద చెయ్యి మూడో అంతస్తు కండక్టరమ్మది. ఆవిడ ముప్పై ఏళ్ళు సిటీ బస్సులో కండక్టరు. రిటైరైంది, మోకాళ్ళు పోయాయి. రెండేళ్ళుగా కిందికి దిగింది లేదు. తన గుమ్మం ముందు మెట్ల మలుపులో ఒక స్టూలు వేసుకుని, పొద్దున్నించి చీకటిపడేదాకా వచ్చేపోయేవాళ్ళను ఆపుతూ కూర్చునేది. ఆవిడ గొంతు ఆరంతస్తులకీ సరిపోయేది.

"ఏమయ్యా, మొహం అలా వేలాడేశావేం? ఇంట్లో మాటల్లేవా? కూర్చో. ముందు నీ తప్పేంటో చెప్పు, ఆవిడ తప్పు ఆవిడ చెబుతుందిలే."

సర్వే పిల్లకి ఇదంతా కళ్ళముందే ఉన్నా కనబడలేదు. దానికి ఫారాలే కనబడేవి. మొదటి వారమే ఇంటింటికీ తిరిగి సర్వే చేసింది, ఆ పేరు అలా వచ్చిందే. పదకొండో ప్రశ్న, 'మీ ముఖ్యమైన సమస్య ఏమిటి?' నలభై ఆరు ఇళ్ళవాళ్ళు 'లిఫ్టు' అన్నారు. ఆరో అంతస్తు నర్సు, రాత్రి డ్యూటీ చేసొచ్చి పడుకున్న మనిషిని లేపేసరికి, 'నువ్వు' అంది. కండక్టరమ్మ ఏమీ లేదు పొమ్మంది.

కేసులు రాకపోతే పోయె, లిఫ్టయినా బాగుచేయిద్దామని పిల్ల నడుం కట్టింది. ఆ మేడను చూసుకునే ఆఫీసుకి వెళ్ళింది. కింద అడిగితే ఫైలు పైన ఉందన్నారు, పైన అడిగితే కిందికి పంపామన్నారు. ఆ ఆఫీసులో మాత్రం లిఫ్టు దివ్యంగా పనిచేస్తోంది. అందులో పదకొండుసార్లు పైకీ కిందికీ తిరిగింది. పన్నెండోసారి నలభై ఆరు ఫారాలూ చంకన పెట్టుకెళ్ళి, గుమాస్తా ఎదురుగా కూర్చుని, ఒక్కొక్కటీ పైకి చదవడం మొదలుపెట్టింది. ఇంటి నంబరు, ఇంట్లో ఎంతమంది, ముఖ్యమైన సమస్య లిఫ్టు. ఇంటి నంబరు, ఇంట్లో ఎంతమంది, ముఖ్యమైన సమస్య లిఫ్టు. ఇరవై తొమ్మిదో ఫారం దగ్గర గుమాస్తా రెండు చేతులూ జోడించాడు.

"తల్లీ, మెకానిక్కుని మంగళవారం పంపిస్తా. ఇక చదవకు."

ఏడో వారం మంగళవారం సాయంత్రం లిఫ్టు కదిలింది. ఆ మేడ సంబరం చూడాల్సిందే! పిల్లలు ఎక్కి దిగారు, పెద్దలు ఎక్కి దిగారు, పని లేనివాళ్ళు కూడా ఎక్కి దిగారు. అందరికంటే ముందు మూడో అంతస్తు నుంచి కండక్టరమ్మను దించారు. ఆవిడ నేల మీద కాలు పెట్టి, గేటు దాకా నడిచి, రోడ్డు మీద పోతున్న బస్సును చూసి భోరుమంది. రెండేళ్ళ తర్వాత చూసింది మరి. ఆవిణ్ణి చూసి సర్వే పిల్ల కూడా ఏడ్చేసింది. నలుగురూ కలిసి పిల్లను భుజాలకెత్తుకున్నంత పని చేశారు.

ఎనిమిదో వారం నుంచి అసలు కథ.

సోమవారం పొద్దున్నే అయిదో అంతస్తు టైలరు గదిలోకి వచ్చి కుర్చీలో దబ్బున కూలబడ్డాడు.

"చెల్లెమ్మా, నా నెత్తి మీద ఆ నర్సమ్మ ఉంది చూడు, చీపురు కర్రతో నేల మీద బాదుతోంది. ధడ్ ధడ్ ధడ్. నిన్న ఒక చొక్కాకి మూడు చేతులు కుట్టాను."

పిల్ల గుండె ఝల్లుమంది. గబుక్కున ఫారం తీసింది. అది రాయడం పూర్తవకముందే నర్సు దిగింది. "పగలంతా ఆ మిషను గడగడ! కన్ను మూత పడితే ఒట్టు. ఇలాగైతే ఆసుపత్రిలో ఎవరికి ఏ సూది పొడుస్తానో నాకే తెలీదు!" పిల్ల ఇంకో ఫారం తీసింది. ఒకే గొడవకి రెండు కేసులు! వెతకబోయిన తీగ కాలికి తగలడమంటే ఇదే.

బుధవారం ఆరో అంతస్తు బాలింత వచ్చింది. చంకలో మూడు నెలల పసివాడు, కళ్ళ కింద నల్లటి చారలు. "నిద్ర లేదు చెల్లీ. వీడు పడుకోడు. వీడు పడుకోకపోతే నేను పడుకోను. నిన్న ఉప్పు డబ్బా ఫ్రిజ్‌లో, పాలు అలమరలో పెట్టాను." మూడు. గురువారం నాలుగో అంతస్తు మొగుడు వచ్చాడు. పెళ్ళాం మాట్లాడక తొమ్మిది రోజులైందట. గొడవ దేనికి వచ్చిందని అడిగితే, అది ఇద్దరికీ గుర్తు లేదన్నాడు. నాలుగు.

అయిదోదానికి పిల్లే వెళ్ళింది. కండక్టరమ్మ కనబడటం లేదేమిటా అని మూడో అంతస్తులో తలుపు తడితే, ఆవిడ లోపలికి లాగి రెండు గంటలపాటు పాత రూట్లన్నీ చెప్పింది. ఏ స్టాపులో ఎవరు ఎక్కేవారో, ఎవరు చిల్లర లేదని నటించేవారో, అన్నీ. పిల్ల లేవబోతే చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. స్టూలు గోడవారన బోర్లించి ఉంది. కిందికొచ్చి పిల్ల అయిదో ఫారం మీద 'ఒంటరితనం' అని రాసేసింది. అయిదు!

బల్ల చుట్టూ గిరగిరా తిరిగింది. పొట్టికాలు బల్ల కూడా దానితోపాటు ఊగింది. నవ్వుకుంటూ, ఏదో కూనిరాగం తీస్తూ కూర్చుని ఫారాల్లో మిగిలిన గడులు నింపడం మొదలుపెట్టింది. తొమ్మిదో గడి, 'ఇంతకు ముందు ఇలాంటి సమస్య వస్తే ఏం చేసేవారు?' వాళ్ళు చెప్పింది నోటుపుస్తకంలో ఉంది. దాన్ని చూసి ఎత్తిరాయడమే.

టైలరు: 'నర్సమ్మ పొద్దున మెట్లెక్కుతూ మా గుమ్మంలోకి తొంగిచూసి, రాత్రి డ్యూటీ చేసొచ్చా తమ్ముడూ అనేది. మధ్యాహ్నం దాకా మిషను ఎక్కేవాణ్ణి కాదు, చేతి కుట్టు పని చూసుకునేవాణ్ణి.'

నర్సు: 'మెట్ల మీద ఓ మాట చెప్పేదాన్ని.'

బాలింత: 'మెట్లెక్కుతుంటే అంతస్తుకొకరు బిడ్డనెత్తుకునేవారు. ఆరో అంతస్తుకి చేరేసరికి వాడు ఎవరి భుజం మీదో నిద్రపోయేవాడు.'

మొగుడు: 'మూడో అంతస్తు మలుపులో కండక్టరమ్మ ఇద్దర్నీ ఆపేది.'

కూనిరాగం ఆగిపోయింది.

పిల్ల గది గుమ్మంలోకి వచ్చి నిలబడింది. లిఫ్టు దిగింది, నలుగురు బయటికి వచ్చారు. నలుగురూ తలుపు వైపే చూస్తూ నిలబడి వచ్చారు కాబోలు, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండానే తలా ఒక దిక్కుకి పోయారు. పక్కన మెట్ల మీద ఒక్క మనిషి లేడు. ఊడ్చే మనిషి వదిలేసిన చీపురు ఒక్కటే ఉంది. అడిగిన వరం ఇచ్చాడు దేవుడు, కానీ దానిచేతనే ఇప్పించాడు!

ఆ సాయంత్రం బస్సులో అది లెక్కలు వేసుకుంది. మాస్టారు వచ్చి కేసులు చూసేది పన్నెండో వారం సోమవారం. అప్పటిదాకా నోరు మూసుకుని ఉంటే చాలు. అయిదు కేసులూ చెక్కుచెదరవు. తర్వాత ఎవరి గొడవ వాళ్ళు చూసుకుంటారు. అసలు లిఫ్టు అడిగింది వాళ్ళే కదా, నలభై ఆరు ఇళ్ళవాళ్ళు! ఇలా తనకు తాను సర్దిచెప్పుకుంటూ దిగాల్సిన స్టాపు దాటిపోయి రెండు స్టాపులు వెనక్కి నడిచింది.

"దొరికాయటే అయిదూ?" అంది అమ్మమ్మ గుమ్మంలోనే.

"దొరికాయి. నేనే తెచ్చిపెట్టాను అమ్మమ్మా," అని మొత్తం చెప్పేసింది.

అమ్మమ్మ అంతా విని, చెవి వెనక గోక్కుని, "అయితే ఇల్లంటించినవాడే నీళ్ళు పోస్తే మీ కాలేజీలో మార్కులేస్తారన్నమాట," అంది.

"నీళ్ళు పోస్తే మార్కులు పోతాయి. మంట ఆరిపోయాక సంతకం ఎవరు పెడతారు? అదే గొడవ."

"మరింకేం, పోసి రా."

అమ్మమ్మకి ఇలాంటివి చాలా తేలికగా కనిపిస్తాయి. ఏడాది మళ్ళీ చదవాల్సింది ఆవిడ కాదు కదా! పిల్లకి మాత్రం తల తిరిగిపోయింది. లిఫ్టు ఆపేయిద్దామా అంటే కండక్టరమ్మ గేటు దగ్గర ఏడ్చిన ఏడుపు గుర్తొచ్చింది. బాలింత చంకలో పసివాడు గుర్తొచ్చాడు. ఆపడానికి వీల్లేదు. ఉంచితే ఇలా ఉంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి అయింది దాని పని.

మర్నాడు తిన్నగా మూడో అంతస్తుకి వెళ్ళింది. మెట్ల మీదే వెళ్ళింది, సిగ్గేసి. కండక్టరమ్మ ముందు నిలబడి, ఊపిరి తీసుకోకుండా, దాచకుండా అంతా కక్కేసింది.

కండక్టరమ్మ బోర్లించిన స్టూలు వైపు చూసింది. తర్వాత అంది, "జనానికి నేనంటే మొహం మొత్తిందేమో అనుకున్నానే పిల్లా. పొద్దున్నే స్టూలు వేసుకు కూర్చునేదాన్ని. పదైనా ఒక్కళ్ళు రారు. ఖాళీ బస్సుకి కండక్టరెందుకని లోపలికెళ్ళిపోయాను."

ఖాళీ బస్సు అన్న మాట పిల్ల చెవిలో పడిందో లేదో, స్ప్రింగు తగిలినట్టు ఎగిరింది.

"పెద్దమ్మా! బస్సు ఖాళీగా లేదు. రూటు మారింది! జనమంతా లిఫ్టులో ఉన్నారు. నీ స్టూలు అందులో వేద్దాం!"

కండక్టరమ్మ పిల్లని ఎగాదిగా చూసింది. లేచి, అలమర తీసి, చీరల కింద నుంచి ఇత్తడి విజిలొకటి బయటికి లాగింది. కొంగుతో తుడిచింది. అదింకా మోగుతుందో లేదోనని ఒక్కసారి ఊదింది. పైన ఆరో అంతస్తులో నర్సు ఉలిక్కిపడి లేచిందట.

ఇక ఆ లిఫ్టు కథ చూడాలి! పొద్దున ఎనిమిది నుంచి పది, సాయంత్రం నాలుగు నుంచి ఏడు, కండక్టరమ్మ డ్యూటీ. మీటల పక్కన స్టూలు. ఎక్కడ ఎక్కినా అన్ని అంతస్తుల్లోనూ ఆగాల్సిందే. ఎక్కినవాళ్ళెవరైనా సరే ఒక మాట చెప్పాలి. అదే టికెట్టు.

"నాలుగో అంతస్తు," అంటారు ఎవరో.

"అది అడ్రసు. మాట చెప్పు."

"ఏం చెప్పమంటావు?"

"పొద్దున్నించి ఏం జరిగిందో చెప్పు. ఏమీ జరగకపోతే అదే చెప్పు. నోరు విప్పందే విజిలు ఊదను."

మొదటి రోజు విసుక్కున్నారు. ఇద్దరు ముగ్గురు కోపంగా మెట్లెక్కిపోయారు. ఎక్కుతూ మెట్ల మీద ఒకరికొకరు ఎదురుపడి కండక్టరమ్మను తిట్టుకున్నారు, అలా తిట్టుకుంటూ ఇంటి విషయాలు కూడా మాట్లాడుకున్నారు. అదీ లాభమే. రెండో రోజుకి లిఫ్టులో నవ్వులు బయటికి వినబడ్డాయి. మూడో రోజు నర్సు పొద్దున ఎక్కి "రాత్రి డ్యూటీ" అని ఆవులిస్తూ టికెట్టు తీసుకుంది. ఆ మాట అయిదో అంతస్తులో తలుపు తెరుచుకోగానే టైలరు చెవిన పడింది. మిషను ఆగింది. పసివాడు రెండో అంతస్తులో ఎవరి చేతుల్లోకో ఎక్కి, ఆరోదాకా వెళ్ళి, మళ్ళీ కిందికొచ్చి, ఇంకోసారి వెళ్ళి నిద్రపోయాడు. మాటల్లేని మొగుడూ పెళ్ళాలను రెండు అంతస్తుల మధ్య లిఫ్టు ఆపి కండక్టరమ్మ ఒక్కటే అడిగింది, "గొడవ దేనికి?" ఇద్దరూ ఒకేసారి "గుర్తులేదు" అన్నారు. అంతే, పగలబడి నవ్వుకున్నారు.

పిల్లకి ఒళ్ళు తెలియని సంతోషం వేసింది. ఆ సంతోషంలో సంతకాలు పెట్టించుకోవడం మరిచిపోయింది. గుర్తొచ్చేసరికి పన్నెండో వారం వచ్చిపడింది. ఫారాలు పట్టుకుని మేడంతా పరుగులు పెట్టింది.

"సమస్యా? నాకేం సమస్య?" అన్నాడు టైలరు.

"ఉండేది కదా అన్నయ్యా! మూడు చేతుల చొక్కా!"

"ఓ, అదా. అయినా నర్సమ్మ బంగారంలాంటి మనిషి. ఆవిడ మీద ఇలా రాస్తే ఏం బాగుంటుంది?" అని 'బాదుతోంది' అన్న మాట కొట్టేయించి గానీ సంతకం పెట్టలేదు. నర్సు, బాలింత, మొగుడు కూడా పిల్ల మొహం చూసి నవ్వుతూ పెట్టారు. కండక్టరమ్మ మాత్రం కళ్ళజోడు పెట్టుకుని, ఫారం ఆసాంతం చదివి, తిరిగి ఇచ్చేసింది.

"ఒంటరితనమా? ఎవరికి? నాకే? నేను డ్యూటీలో ఉన్నానే పిల్లా."

"అప్పుడు ఉండేది పెద్దమ్మా."

"అప్పటిది అప్పుడే దిగిపోయింది. నా ప్రాణమైనా ఇస్తాను గానీ దీని మీద సంతకం పెట్టను. నువ్వేం అనుకున్నా సరే."

పిల్ల ఇక అడగలేదు. ఆవిడ చెప్పింది నిజమే మరి. ఫారం నాలుగు మడతలు పెట్టి సంచీలో వేసుకుంది. నాలుగు కేసులు. మొదటి రోజు మాస్టారు చెప్పిన మాట గుర్తొచ్చింది.

సోమవారం సాయంత్రం నాలుగున్నరకి ఎర్ర పెన్ను మాస్టారు వచ్చారు. సన్నగా, నిటారుగా, జేబులో ఆ పెన్నుతో. వచ్చీరాగానే "ముందు కేసుల ఇళ్ళు చూపించు" అన్నారు. ముందు అయిదో అంతస్తని పిల్ల చెప్పింది, ఇద్దరూ లిఫ్టెక్కారు. లోపల టైలరు, బాలింత, పసివాడు, స్టూలు మీద కండక్టరమ్మ.

"అయిదో అంతస్తు," అన్నారు మాస్టారు.

"అది అడ్రసండీ. మాట చెప్పండి."

పిల్ల పైప్రాణాలు పైనే పోయాయి. "పెద్దమ్మా, మా మాస్టారు..."

"మాస్టారైతే మాటలు మనకంటే ఎక్కువే వచ్చుంటాయిగా. ఇక్కడ పాసులు లేవు, అందరికీ టికెట్టే."

మాస్టారు తలుపు వైపు చూశారు. గోడ మీద రాసిన 'ఎనిమిది మంది' అన్న అక్షరాలు చూశారు. లిఫ్టు కదలలేదు. పసివాడు ఆయన చొక్కా జేబు పట్టుకుని లాగాడు. ఎర్ర పెన్ను వాడి చేతిలోకి వచ్చేసింది. ఆయన దాన్ని వెనక్కి తీసుకోబోయి, ఎందుకో ఆగిపోయారు.

"ఇది నా చివరి ఫీల్డ్ విజిట్," అన్నారు. "శుక్రవారం రిటైరవుతున్నాను."

పిల్ల నోరు తెరిచింది. కాలేజీలో ఎవరికీ తెలియదు. ఆయన ఎవరికీ చెప్పలేదు.

కండక్టరమ్మ విజిలు పెదవుల దాకా తెచ్చి, దింపేసింది. "ఇంట్లో ఎవరున్నారండీ?" అంది, గొంతు తగ్గించి. ఆవిడ గొంతు తగ్గడం పిల్ల అప్పుడే మొదటిసారి విన్నది.

"మా చెల్లెలుంది. దాని గదిలో అది, నా గదిలో నేను. శనివారం పొద్దున లేచి ఏం చెయ్యాలో..."

"నేను మొదటి నెల్లాళ్ళూ పొద్దున నాలుగింటికే లేచి తల దువ్వుకుని కూర్చునేదాన్ని," అంది కండక్టరమ్మ. "అదేం రోగం కాదు లెండి. తగ్గుతుంది." అప్పుడు విజిలు ఊదింది. "రైట్!"

అయిదో అంతస్తు వచ్చింది, పోయింది. మాస్టారు దిగలేదు. లిఫ్టు రెండుసార్లు పైకీ కిందికీ తిరిగింది. ఎక్కేవాళ్ళు ఎక్కుతున్నారు, వాళ్ళకి లోపలున్నవాళ్ళు చెబుతున్నారు, "మాస్టారు శుక్రవారం రిటైరవుతున్నారట." నర్సు ఆయన నాడి చూసి బాగానే ఉందంది. టైలరు కళ్ళతోనే భుజాల కొలత తీసుకుని, శనివారానికి ఒక చొక్కా కుడతానన్నాడు. రెండు చేతులే, అని ఒట్టు కూడా వేశాడు.

కింద గదిలోకి వచ్చేసరికి మాస్టారు మళ్ళీ నిటారుగా అయిపోయారు. పసివాడి ఎంగిలి అంటిన పెన్ను తుడుచుకుని ఫారాలు ముందేసుకున్నారు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఒక్కొక్క ఫారంలో ఒకే గడి దగ్గర ఆగుతున్నారు. 'సమస్యకు కారణం' అన్నచోట, నాలుగింటిలోనూ, పిల్ల గుండ్రటి అక్షరాలతో ఒకే జవాబు రాసింది. 'నేను.'

"ఇదేమిటి?"

పిల్ల చెప్పింది. మెట్ల గురించి, తొమ్మిదో గడి గురించి, బస్సులో వేసుకున్న లెక్కల గురించి కూడా చెప్పేసింది. "కండక్టరమ్మ సంతకం పెట్టనంది సార్. పెట్టకపోవడమే న్యాయం. నాలుగే ఉన్నాయి." కళ్ళలో నీళ్ళు తిరిగాయి గానీ గొంతు పట్టుతప్పకుండా చూసుకుంది. "నాలుగున్నర అని మాత్రం రాయలేదు సార్."

మాస్టారు నవ్వలేదు. నాలుగు ఫారాల మీదా ఎర్ర పెన్నుతో టిక్కు పెట్టారు. "అయిదంటే అయిదు. రూలు రూలే," అన్నారు.

"తెలుసు సార్."

ఆయన లేచారు. వెళ్ళిపోతున్నారనుకుని పిల్ల కూడా లేవబోయింది. ఆయన మాత్రం బల్ల చుట్టూ తిరిగి వచ్చి, సమస్యలు చెప్పుకునేవాళ్ళ కోసం వేసిన రెండో కుర్చీని లాక్కుని, అందులో కూర్చున్నారు. బల్ల ఒకవైపుకి ఒరిగింది. చేతులు ఒళ్ళో పెట్టుకున్నారు, ఆ చేతులను ఏం చెయ్యాలో తెలియనట్టు.

"కొత్త ఫారం తియ్యి," అన్నారు.

పిల్లకి అర్థమవడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక మళ్ళీ కూర్చుంది. ఫారం తీసింది. వయసు రాసింది, ఇంట్లో ఎంతమందో రాసింది. ఆయన చెబుతున్నారు, అది రాస్తోంది. సమస్య చెప్పడానికి ఆయనకి చాలాసేపు పట్టింది. పిల్ల తొందరపెట్టలేదు. ఆయన నేర్పిన పాఠమే అది. సమస్యకు కారణం అన్నచోట ఆయన "ఉద్యోగం" అన్నారు, మళ్ళీ ఆలోచించి "కాదు, నేనే" అన్నారు.

"ఇంతకు ముందు ఇలాంటి సమస్య వస్తే ఏం చేసేవారు సార్?"

"ఎర్ర పెన్ను తీసుకుని పేపర్లు దిద్దేవాణ్ణి."

నవ్వాలో ఏడవాలో తెలియక పిల్ల రెండూ చేసింది. చివరి గడి, 'ఎవరి దగ్గరికి పంపారు?' పెన్ను కొన కొరుక్కుంటూ ఆలోచించి రాసింది. 'లిఫ్టు. సాయంత్రం నాలుగు నుంచి ఏడు.'

మాస్టారు ఫారం తనవైపు తిప్పుకున్నారు. సాయం పొందినవారి సంతకం అన్నచోట నీలం పెన్నుతో, అధ్యాపకుని సంతకం అన్నచోట ఎర్ర పెన్నుతో, రెండూ ఆయనే పెట్టారు. పెట్టాక చివరి గడి మీద పెన్ను ఆగింది. అలవాటు కొద్దీ దిద్దకుండా ఉండలేకపోయారు.

"పొద్దున ఎనిమిది నుంచి పది కూడా ఉందన్నారే ఆవిడ," అన్నారు. "అది రాయలేదేం?"